ఇత్తడి తీగల హార్ప్: తీగలు కట్టడం నుంచి తొలి పాట దాకా

ఐర్లండ్‌లోనూ, స్కాట్లండ్‌లోని గేలిక్ భాష మాట్లాడే ప్రాంతాల్లోనూ మధ్యయుగాల నుంచి 18వ శతాబ్దం చివరి దాకా ఆదరణ పొందిన హార్ప్‌కు లోహపు తీగలు ఉండేవి. 12వ శతాబ్దంలో ఐర్లండ్ వెళ్లిన జెరాల్డ్ ఆఫ్ వేల్స్ అనే మతాధికారి అక్కడి వాద్యకారుల వేగాన్నీ స్పష్టతనూ మెచ్చుకుంటూ, వారు తోలు తీగల కంటే కంచు తీగలనే ఎక్కువగా వాడతారని రాశాడు. వీణ మీద ఒకే తీగను వేర్వేరు మెట్ల దగ్గర నొక్కి స్వరాలు పలికిస్తాం. హార్ప్‌లో అలా కాదు, ప్రతి స్వరానికీ ఒక విడి తీగ ఉంటుంది. అమరావతి శిల్పాల్లో కనిపించే విల్లు ఆకారపు వీణలదీ ఇదే పద్ధతి.

నైలాన్ తీగను మీటితే దాని నాదం త్వరగా అణగిపోతుంది. ఇత్తడి తీగ మాత్రం మనం ఆపకపోతే చాలా సెకన్ల పాటు మోగుతూనే ఉంటుంది. వాద్యం కొనేటప్పుడు చూడవలసిన విషయాలు, తీగ మందం, శ్రుతి, వేళ్ల కదలిక, ఇవన్నీ ఈ దీర్ఘనాదాన్ని బట్టే నిర్ణయం కావాలి. మీటడం నేర్పి, మోగుతున్న తీగను ఆపడం తరువాత చూద్దామని వదిలేసే బోధన ఈ వాద్యానికి సరిపడదని నా గట్టి అభిప్రాయం. అందుకే ఈ వ్యాసంలో మీటడంతో పాటే ఆపడం కూడా చెప్పాను.

వాద్యం ఎంపిక

ఈ హార్ప్‌ను ఐర్లండ్‌లో క్లార్షఖ్ అనీ, స్కాట్లండ్‌లో క్లార్సఖ్ అనీ పిలుస్తారు. అయితే ఈ రోజుల్లో అవే పేర్లతో అమ్మకానికి వచ్చే హార్ప్‌లలో చాలా వాటికి నైలాన్ తీగలు గానీ జంతువుల పేగులతో చేసిన తీగలు గానీ ఉంటాయి. తీగలు బిగించే వాటి ముందు పలక పలచగా ఉంటుంది. దానికి ఇత్తడి తీగలు బిగిస్తే పలక ఉబ్బి, కొంతకాలానికి చీలిపోతుంది. కొనే ముందు అది మొదటి నుంచీ లోహపు తీగల కోసమే చేసిన వాద్యమా అని తయారీదారుని అడిగి తెలుసుకోవాలి.

మిగిలిన పాత హార్ప్‌లలో మూడు చాలా ప్రసిద్ధం. ఒకటి డబ్లిన్‌లోని ట్రినిటీ కాలేజీలో ఉంది, ఐర్లండ్ నాణేల మీద కనిపించే బొమ్మకు మూలం అదే. మిగతా రెండూ, అంటే క్వీన్ మేరీ హార్ప్, లామాంట్ హార్ప్, ఎడిన్‌బరోలోని స్కాట్లండ్ జాతీయ మ్యూజియంలో ఉన్నాయి. నేటి మంచి వాద్యాలు ఎక్కువగా వీటి నమూనాలే. వాటి పెట్టెను ఒకే దుంగను తొలిచి చేస్తారు, వెనుక వైపు ఒక పలకతో మూస్తారు. ముందు పలక మధ్యలో తీగలు బయటికి వచ్చే రంధ్రాల దగ్గర, తీగ కర్రను కోయకుండా, గుర్రపునాడా ఆకారపు లోహపు బిళ్లలు బిగించి ఉంటాయి. మెడ, అంటే తీగల పై కొసలు కట్టే కర్ర, గుండా ఇత్తడి బిరడాలు దూరి ఉంటాయి. వీణ బిరడాలను చేత్తో తిప్పుతాం గానీ, వీటిని తిప్పడానికి చదరపు గుంత ఉన్న ట్యూనింగ్ కీ కావాలి. ఆ కీ బిరడా తలకు ఏ మాత్రం వదులు లేకుండా అమరాలి, లేకపోతే ఇత్తడి తల మూలలు అరిగి గుండ్రబడతాయి.

తీగను లెక్క వేసి ఎంచుకోవడం

ఒక లోహపు తీగను ఎంత స్థాయికి ఎక్కించవచ్చన్నది దాని మందం మీద కంటే దాని పొడవు మీదే ఎక్కువగా ఆధారపడుతుంది. మందం పెంచితే తీగ బలం పెరుగుతుంది, దాన్ని అదే స్వరానికి ఎక్కించడానికి కావలసిన లాగుడూ అంతే నిష్పత్తిలో పెరుగుతుంది. అందువల్ల సన్నని తీగ తెగుతోందని మందమైన తీగ వేస్తే ప్రయోజనం ఉండదు, వాద్యం మీద బరువు మాత్రం పెరుగుతుంది.

ఒక సులువైన లెక్క చెబుతాను. తీగ మోగే పొడవును మీటర్లలో, స్వరాన్ని హెర్ట్జ్‌లలో తీసుకుని గుణించండి. చదరపు మిల్లీమీటరుకు 900 న్యూటన్ల దాకా ఓర్చుకునే గట్టి ఇత్తడి తీగ, ఈ లబ్ధం 160 దాటేసరికి తెగిపోతుంది. 140 లోపల ఉంటే నిశ్చింతగా వాడవచ్చు. ఉదాహరణకు 30 సెంటీమీటర్ల తీగ 440 హెర్ట్జ్ దగ్గర ఉంటే లబ్ధం 132 అవుతుంది. ఆ తీగ మందం అర మిల్లీమీటరు అయితే దాని లాగుడు దాదాపు 12 కిలోలు. ఇది తెగే హద్దులో మూడింట రెండు వంతులు. ఇత్తడి తీగ బాగా పలికేది కూడా ఈ మేరకు బిగువుగా ఉన్నప్పుడే. వదులుగా ఉన్న తీగ నాదం మందకొడిగా, అస్పష్టంగా వస్తుంది.

తంబురాకు వాడే ఇత్తడి తీగ ఇక్కడ పనికొస్తుందా అన్న ప్రశ్న మన వాళ్లకు తప్పకుండా వస్తుంది. 90 సెంటీమీటర్ల తంబురా తీగ 100 హెర్ట్జ్ దగ్గర మోగుతుందనుకుంటే లబ్ధం 90 మాత్రమే. ఒత్తిడి ఈ లబ్ధపు వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది కాబట్టి, హార్ప్ పై తీగలు మోసే ఒత్తిడిలో అది సగం కూడా కాదు. అలాంటి తీగను మధ్య స్థాయి వరకు ప్రయత్నించవచ్చు గానీ, పై స్థాయికి గట్టిగా లాగిన ఇత్తడినే తెప్పించుకోవాలి. గిటారు ఉక్కు తీగలు వేయాలన్న ఆలోచనను మాత్రం పూర్తిగా మానుకోండి. ఉక్కు బిరుసు ఇత్తడికి దాదాపు రెట్టింపు. తెగకుండా నిలుస్తుంది గానీ, అనుస్వరాలు, అంటే అసలు స్వరంతో పాటు సన్నగా పలికే పై స్వరాలు, కొంచెం పైకి జరిగిపోయి నాదం గరుకుగా వినిపిస్తుంది.

మందాల విషయంలో పై తీగలకు సుమారు 0.45 నుంచి 0.5 మిల్లీమీటరు, మధ్య తీగలకు 0.55 నుంచి 0.65, కింది తీగలకు 0.7 నుంచి 0.9 వరకు తీసుకుంటే మంచి ఆరంభం అవుతుంది. తయారీదారు పట్టిక ఇచ్చి ఉంటే దాన్నే పాటించాలి. కింది తీగల దగ్గర ఇత్తడికి ఒక పరిమితి ఉంది. 70 సెంటీమీటర్ల పొడవున్న 0.8 మిల్లీమీటరు తీగను 65 హెర్ట్జ్‌కు శ్రుతి చేస్తే దాని లాగుడు సుమారు మూడున్నర కిలోలే, తీగ ఊగులాడుతుంది. అదే మందంలో బంగారు తీగ వేస్తే లాగుడు ఎనిమిది కిలోలకు చేరుతుంది, ఎందుకంటే బంగారం సాంద్రత 19.3, ఇత్తడిది 8.5. పాత రచనల్లో వెండి, బంగారు తీగల ప్రస్తావన కేవలం ఆడంబరం కాదని ఈ లెక్క చెబుతుంది. 1970ల నుంచి ఈ వాద్యాన్ని తిరిగి బతికించిన వారిలో ముఖ్యురాలైన అమెరికా కళాకారిణి ఆన్ హేమన్, కింది స్థాయికి బంగారు తీగలు కట్టి వాయించి చూపించారు. బంగారం కుదరని వారికి వెండి, దాని సాంద్రత 10.5, కొంత మేలు చేస్తుంది.

తీగలు కట్టడం

ఇందుకు మైక్రోమీటరు, కటింగ్ ప్లేయర్, సన్నని మూతి పట్టకారు, ట్యూనింగ్ కీ, కంటి అద్దాలు కావాలి. కంటి అద్దాలను ఎప్పుడూ మరచిపోవద్దు. బిగువు మీద తెగిన ఇత్తడి తీగ కొస సూదిలా ముఖం మీదికి ఎగిరి వస్తుంది.

మొదటి పని, తీగ చుట్టను జాగ్రత్తగా విప్పడం. చుట్టను చేతిలో తిప్పుతూ విప్పాలి గానీ, పక్క నుంచి లాగకూడదు. అలా లాగితే తీగకు మెలిక పడుతుంది, ఆ మెలికను సరిచేసినా తీగ అక్కడే తెగుతుంది. పలక నుంచి బిరడా దాకా ఉన్న పొడవుకు కిందికి 8, పైకి 12 సెంటీమీటర్లు కలిపి కత్తిరించండి.

రెండో పని, అడ్డుపుల్లకు ముడి వేయడం. రెండు సెంటీమీటర్ల గట్టి కర్రముక్క చాలు. తీగ కొసను పుల్ల నడుమ ఒక చుట్టు తిప్పి, మిగిలిన కొసను అసలు తీగ చుట్టూ ఐదారు మెలికలు వేయండి. ఈ మెలికలు దగ్గర దగ్గరగా, ఒకదాని మీదికి మరొకటి ఎక్కకుండా ఉండాలి. మెలికలు వేసేటప్పుడు కొస ఒక్కటే చుట్టుకుని అసలు తీగ నిటారుగా మిగిలిపోతే, బిగువు పడగానే ముడి జారిపోతుంది. మొదటి రెండు మెలికల్లో రెండు తీగలూ ఒకదాన్నొకటి పెనవేసుకోవాలి, ఆ తరువాతి వాటిలో కొస ఒక్కటే చుట్టుకోవాలి. ఇత్తడిని అటూ ఇటూ వంచిన కొద్దీ అది గట్టిపడి పెళుసవుతుంది కాబట్టి, తప్పు పడిన ముడిని విప్పి మళ్లీ వేయకుండా ఆ కొసను కత్తిరించి కొత్తగా వేయడం మేలు.

తరువాత వెనుక పలకను తెరచి, లేదా వెనుక ఉన్న కన్నాల గుండా, తీగను లోపలి నుంచి రంధ్రంలో దూర్చి పైకి లాగండి. అడ్డుపుల్ల లోపలి వైపు పలకకు ఆనుకుంటుంది. పుల్ల పలక కర్ర రేఖలకు అడ్డంగా ఉండేలా చూడండి. పై కొసను బిరడా కన్నంలో దూర్చి, మూడు నాలుగు చుట్లకు సరిపడా వదులు ఉంచి, చుట్లు మెడ వైపుకు వరసగా పడేలా తిప్పాలి. బిరడా మొన సన్నగా ఉంటుంది గనుక తిప్పేటప్పుడు కొద్దిగా లోపలికి అదిమితే నిలుస్తుంది. అతిగా అదిమితే మెడ కర్ర నెర్రె విచ్చే ప్రమాదం ఉంది.

అన్ని తీగలూ కొత్తవైతే ఒక్కొక్కదాన్నీ ఒకేసారి పూర్తి శ్రుతికి ఎక్కించకూడదు. 30 తీగలు సగటున 10 కిలోల చొప్పున లాగినా మొత్తం 300 కిలోలు అవుతుంది. ఆ బరువు పలక మీద ఒక పక్కనే పడకుండా, మధ్య నుంచి మొదలుపెట్టి ఒకటి కింద, ఒకటి పైన ఎక్కిస్తూ, మొదటి విడతలో అన్నిటినీ నాలుగైదు స్వరాలు తక్కువగా ఉంచండి. మర్నాడు మరికొంత, ఆ మర్నాడు పూర్తిగా ఎక్కించవచ్చు. ఏ తీగ ఎంత మందమో, ఏ రోజు వేశారో ఒక నోటుపుస్తకంలో రాసుకుంటే, తీగ తెగినప్పుడు వెతుకులాట ఉండదు.

శ్రుతి చేయడం

ఈ హార్ప్ నడుమ ఒకే స్వరానికి శ్రుతి చేసే రెండు పక్కపక్క తీగలు ఉంటాయి. వీటిని అక్కాచెల్లెళ్లు అంటారు. పియానో మధ్య సి కి దిగువన ఉన్న జి, అంటే 196 హెర్ట్జ్, వాటి స్వరం. 1792లో బెల్‌ఫాస్ట్‌లో జరిగిన హార్ప్ వాద్యకారుల సమావేశానికి వచ్చి, వారి బాణీలను రాసుకున్న ఎడ్వర్డ్ బంటింగ్ నమోదు చేసిన పద్ధతిలోనూ శ్రుతి ఈ రెండు తీగల నుంచే మొదలవుతుంది. మన పరిభాషలో చెప్పాలంటే ఇదే షడ్జమం.

మొదటి తీగను ట్యూనర్‌తో గానీ శ్రుతిపెట్టెతో గానీ సరిచేసి, రెండో దాన్ని చెవితో కలపాలి. ఒకటి 196, మరొకటి 197 దగ్గర ఉంటే సెకనుకు ఒకసారి నాదం పొంగి తగ్గుతున్నట్లు వినిపిస్తుంది. ఆ అల నెమ్మదించి పూర్తిగా ఆగిపోయే వరకు కీని వెంట్రుకవాసి కదిపితే చాలు. తరువాత ఈ వరసలో సాగండి.

స నుంచి పైకి పంచమం తీసుకుంటే ప, 294 హెర్ట్జ్. ప కు పంచమం పై స్థాయి రి, 441. దాన్ని ఒక స్థాయి దించితే మధ్య రి, 220.5. రి కి పంచమం ద, 330.75. ద కు పంచమం పై స్థాయి గ, దాన్ని దించితే మధ్య గ, సుమారు 248. గ కు పంచమం ని, సుమారు 372. ఇప్పుడు మొదటి స కు పై షడ్జమం 392 ను కలిపి, దాని నుంచి కిందికి పంచమం దిగితే మ వస్తుంది, సుమారు 261. ఇలా నడిమి స్థాయి పూర్తయ్యాక మిగతా తీగలను కిందికీ పైకీ స్థాయి లెక్కన కలపండి.

ఇప్పుడు మీ చేతిలో ఉన్నది శంకరాభరణం స్వరస్థానాలు. అయితే సంగీతం తెలిసిన చెవికి గాంధారం దగ్గర ఒక తేడా తడుతుంది. మంచి తంబురాలో తనంతట తాను పలికే అంతర గాంధారం ఈ షడ్జమానికి 245 దగ్గర ఉంటుంది. పంచమాల వరసలో వచ్చినది 248 దగ్గర ఉంది. రాగాలాపన కోసం తంబురా గాంధారాన్నే ఇష్టపడేవారు ఉంటారు, అందులో తప్పు లేదు. కానీ గేలిక్ బాణీల్లో గాంధారం ఎక్కువగా పాట నడకలో సాగిపోయే స్వరం గనుక, పంచమాలు నిర్దోషంగా ఉండటమే ముఖ్యం అని నాకు అనిపిస్తుంది. నిషాదపు తీగలను అన్ని స్థాయిల్లోనూ అర్ధస్వరం దించి, పై మధ్యమం నుంచి కిందికి పంచమంతో సరిచూసుకుంటే హరికాంభోజి వస్తుంది. ఆ సంప్రదాయపు పాటల్లో చాలా వాటికి ఈ రెండు అమరికలే సరిపోతాయి.

వేడి పెరిగితే ఇత్తడి సాగుతుంది. గది ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే శ్రుతి అర్ధస్వరంలో ఐదో వంతుకు పైగా దిగిపోవచ్చు. ఏసీ గదిలో శ్రుతి చేసి వేదిక దీపాల కింద కూర్చుంటే జరిగేది ఇదే కాబట్టి, వాయించే చోటే అరగంట ముందు వాద్యాన్ని ఉంచి అక్కడే శ్రుతి చేయాలి. విశాఖ, కాకినాడ వంటి తీర పట్టణాల్లో ఉప్పు తేమకు ఇత్తడి త్వరగా నల్లబడుతుంది, వాయించిన ప్రతిసారీ పొడి మెత్తని బట్టతో తీగలు తుడవండి.

కూర్చోవడం, గోళ్లు

చేతులు లేని తక్కువ ఎత్తు కుర్చీ మీద కూర్చుని, వాద్యాన్ని ఎడమ భుజానికి ఆనించుకోవాలి. నేటి నైలాన్ హార్ప్‌ను కుడి భుజానికి ఆనిస్తారు. పాత గేలిక్ పద్ధతి దానికి తిరుగుడు, ఎడమ చెయ్యి పై తీగలకు, కుడి చెయ్యి కింది తీగలకు. ఇది అలవాటైన చేతివాటానికి ఎదురుగా అనిపించినా, మొదటి నుంచీ పాత పద్ధతినే పట్టుకోవాలని నా సలహా.

1792లో బెల్‌ఫాస్ట్‌కు వచ్చిన ఐరిష్ వాద్యకారులు పది మంది. వారిలో పొడవాటి గోళ్లతో పాత పద్ధతిలో వాయించినవాడు డెనిస్ హెంప్సన్ ఒక్కడే. చిన్నతనంలోనే మశూచికంతో చూపు పోయిన ఆయనకు తొలి గురువు బ్రిజెట్ ఓకాహన్ అనే స్త్రీ. మంద్ర తీగల గంభీర నాదం కింద సన్న తీగలు గలగలమనే తీరును బంటింగ్ ప్రత్యేకంగా మెచ్చుకున్నాడు. 1702లో చేసిన ఆయన హార్ప్ ఈనాటికీ ఉంది.

గోరు వేలి కొసకు రెండు మూడు మిల్లీమీటర్లు ముందుకు ఉంటే చాలు. అంచును నున్నగా ఆకురాయి పెట్టాలి, చిన్న గరుకు కూడా తీగ మీద గీరుకుంటూ వినిపిస్తుంది. గోళ్లు నిలవని వారు వేలి మెత్తటి భాగంతోనే మొదలుపెట్టవచ్చు. నాదం మెత్తబడుతుంది గానీ, ఆపడం నేర్చుకోవడానికి అది అడ్డు కాదు. తీగను నడిమి భాగంలో, బలంగా లాగకుండా, తేలికగా తాకి వదలండి. ఇత్తడికి కొద్దిపాటి స్పర్శే చాలు.

మీటడం, ఆపడం

ఎడమ చూపుడు వేలితో నడిమి స ను మీటి, పూర్తిగా ఆరిపోయేదాకా వినండి. రెండోసారి మీటి, నాలుగు లెక్కపెట్టాక అదే వేలిని తీగ మీద తిరిగి పెట్టి ఆపండి. ఇప్పుడు జర్రుమన్న చప్పుడు వస్తే, కంపిస్తున్న తీగకు గోరు ముందు తగిలిందని అర్థం. వేలి మెత్తటి భాగం ముందు ఆనాలి. చప్పుడు లేకుండా ఆపడం చేతికి వచ్చేదాకా ముందుకు పోవద్దు.

తరువాత స, రి. మధ్య వేలితో స మీటండి. చూపుడు వేలితో రి మీటిన క్షణంలోనే మధ్య వేలు స మీదికి తిరిగి రావాలి. రి మొదలవడమూ స ఆగడమూ ఒక్కసారే జరగాలి. వేలు ఆలస్యమైతే రెండూ కలిసి మసకబారతాయి, ముందే వస్తే నడుమ ఖాళీ వినిపిస్తుంది. దిగేటప్పుడు చూపుడు వేలితో రి, మధ్య వేలితో స, స మోగుతుండగా చూపుడు వేలు రి మీదికి వస్తుంది. దీన్నే స రి గ మ వరకు ఉంగరపు వేలిని, బొటనవేలిని కలుపుకుంటూ పెంచండి. సరళీ వరసలను మాయామాళవగౌళలో కాకుండా శంకరాభరణం స్వరాలతో మొదటి కాలంలోనే అభ్యసించడం దీనికి చక్కగా సరిపోతుంది.

అన్నిటినీ ఆపడం మాత్రం లక్ష్యం కాదు. అలా చేస్తే వాద్యం బిగుసుకుపోయి పలుకుతుంది. ఏది మోగనివ్వాలన్నదే అసలు నిర్ణయం. పాట స మీద నిలిచి ఉన్నప్పుడు స, ప, గ లు కలిసి మోగితే నాదం నిండుగా ఉంటుంది. వాటి నడుమ వచ్చే రి, మ లను మాత్రం తమ పని కాగానే ఆపాలి. స గ రి స అన్న చిన్న పలుకును తీసుకోండి. స ను మోగనిచ్చి, గ మీటి, రి మీటేటప్పుడు గ ను ఆపి, చివరి స మీటేటప్పుడు రి ని ఆపండి. మొదటి స మోగుతూ ఉండగానే చివరి స దానిలో కలిసిపోతుంది. ఒకే పలుకును ఏదీ ఆపకుండా, అన్నీ ఆపుతూ, ఎంచుకుని ఆపుతూ మూడు విధాల వాయించి వింటే ఈ విద్య ఏమిటో చెవికే తెలుస్తుంది.

కుడి చేతికి తొలి రోజుల్లో అక్కాచెల్లెళ్లనూ, వాటి కింది స్థాయి స నూ, ఆ స్థాయి ప నూ అప్పగించండి. కింది తీగ నాదం చాలాసేపు ఉంటుంది కాబట్టి ఆవర్తానికి ఒకసారి మీటితే సరిపోతుంది. శ్రుతి మారేచోట పాత తీగను కుడి అరచేతి అంచుతో ఆపి కొత్తది మీటాలి.

తొలి పాటలు

ఇందులో గమకానికి చోటు తక్కువ. తోడి, భైరవి వంటి రాగాలను దీని మీద బలవంతంగా పలికించకండి. మనకు చేతికి దగ్గర్లో ఉన్న సరైన సామగ్రి ముత్తుస్వామి దీక్షితుల నొట్టుస్వరాలు. అవి శంకరాభరణ స్వరాల్లో, గమకాలు లేకుండా, ఐరోపా బాణీల మీద కట్టినవి. ముందు శ్యామలే మీనాక్షి వాయించండి: స స ప ప ద ద ప, మ మ గ గ రి రి స. ఇందులో ఒకే తీగను వెంటనే మళ్లీ మీటాలి గనుక, గోరు తగిలే జర్రు ఇక్కడే బయటపడుతుంది. రెండోసారికి వేలు మార్చుకోండి, మొదట చూపుడు, తరువాత మధ్య వేలు. మ మ గ గ దగ్గర మ ను తప్పక ఆపండి, ప ను మోగనివ్వండి.

ఆ తరువాత వందే మీనాక్షి. దాని బాణీ రేక్స్ ఆఫ్ మాలో అనే ఐరిష్ నాట్యపు పాటది, మాలో కార్క్ కౌంటీలోని ఊరు. దీన్ని మొదట సగం వేగంతో, కుడి చేతిని పూర్తిగా వదిలేసి, ఎడమ చేతి ఆపుదల శుభ్రంగా వచ్చేదాకా వాయించండి. కుడి చేతిని చేర్చాక, ఆవర్తం మొదట్లో కింది స, పాట రి మీదికో ప మీదికో ఒరిగినప్పుడు కింది ప మీటండి. వేగం పెంచినప్పుడు స్వరాలు ముద్దగా వినిపిస్తే, వేళ్లు మీటడంలో వెనకబడ్డాయని అనుకోవద్దు. ఏ తీగ ఆగకుండా మిగిలిపోయిందో ఒక్కొక్క పలుకునూ నిలిపి వెతకండి. చాలాసార్లు అది మ తీగే అయి ఉంటుంది.